కిటికీ పక్క సాంచె ఆగకముందే

మా మామ పోయాడు. కోరుట్లలో, టైర్ల దుకాణం మీది ఒంటి గదిలో, నిద్రలోనే పోయాడు. మా అమ్మకు తమ్ముడు. మీలో కొందరికి ‘రాళ్లవాన’ బ్యాండులో డ్రమ్స్ వాయించిన మనిషి. సమాధి మీద మట్టి ఆరకముందే ఆయనకు ఒక అన్యాయం జరిగింది. చేసింది పరాయివాళ్లు కాదు, అదే బ్యాండు పాటగాడు. జగిత్యాలలో ఫంక్షన్ హాలు తీసుకుని సంతాప సభ పెట్టాడు. మామ ఫొటోకు దండ వేశాడు, కళ్లు తుడుచుకున్నాడు, మైకు అందుకున్నాడు.

"నా తమ్ముడు బంగారం. బతుకుల ఒక్కటే తప్పు చేసిండు, గా ‘పగటి డ్యూటీ’ ఆల్బమ్. పోయినోని తప్పు తవ్వుకోవద్దు. గది అందరం మర్శిపోదాం."

జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. "ఎవలు మర్శిపోవాలె? నువ్వు చెప్తె మర్శిపోవాల్నా?" అని అరిచాను. ఇంకా ఏదో అనబోతుంటే అమ్మ చొక్కా పట్టుకుని కిందికి గుంజింది.

"నీ మామ సావు కాడ కొట్లాట పెట్టకు కొడుకా. వానికి పంచాయితీలు నచ్చయి."

ఆ సాయంత్రమే బ్యాండు ఛానల్ నుంచి ‘పగటి డ్యూటీ’ పాటలన్నీ మాయమయ్యాయి. ఆ ఛానల్ పాటగాడి చేతిలో ఉంది. చనిపోయినవాడి పరువు కాపాడానని ఆయన నిజంగానే అనుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ద్వేషంతో చేస్తే ఎదురు నిలబడవచ్చు, ప్రేమతో తుడిచేస్తే ఏం చేయాలి? అరిచి చూశాను, పని కాలేదు. అందుకే రాస్తున్నాను.

మన జిల్లాల్లో కాస్త వయసు మళ్లినవాళ్లకు ‘రాళ్లవాన’ గురించి చెప్పనక్కరలేదు. పాటగాడిది జగిత్యాల. మిగతా ముగ్గురూ సిరిసిల్లలో మరమగ్గాలు నడిపిన కార్మికులు. ఆ మగ్గాలను అక్కడ సాంచెలంటారు. మామ చిన్నప్పుడు చర్చిలో డ్రమ్స్ నేర్చుకుని, పొట్టకూటికి సాంచెల మీదికి పోయాడు. నలుగురూ కలిసి గిటారు తీగలు తెగేదాకా వాయించేవాళ్లు. ఎండిపోయిన వరి మీద పాట, చెయ్యెత్తినా ఆగని బస్సు మీద పాట, ఓట్లప్పుడే కనబడే పెద్దమనిషి మీద పాట. మొదటి రెండు ఆల్బమ్‌లు ఆటోలలో, హాస్టళ్లలో, గణపతి మండపాల దగ్గర మోగని చోటు లేదు. మామ కొడుతుంటే స్టేజీ కింద వేసిన బల్లలు కదిలేవని అమ్మ చెబుతుంది. అమ్మకు ఆ పాటలు ఒక్కటీ నచ్చవు. అయినా బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, తమ్ముడి ప్రోగ్రాం అంటే ముందు వరసలో చెవులు మూసుకుని కూర్చునేది.

వెంట్రుకలు నెరిసి, పొట్టలు వచ్చాక వాళ్లు మూడో ఆల్బమ్ చేశారు. అదే ‘పగటి డ్యూటీ’. వచ్చిన వారానికే నవ్వులపాలైంది. "డ్రమ్ములోడు నిద్రవోయిండా?" అన్నారు. ఉప్పులేని పప్పన్నారు. ముసలోళ్లయిపోయారన్నారు. ప్రోగ్రాములు తగ్గాయి. గిటారు వాయించే ఆయన దుబాయి పోయాడు. ఇంకొకాయన ఇంటి పట్టున ఉండిపోయాడు. బ్యాండు విడిపోవడానికి కారణం మామ అని మిగతా ముగ్గురూ నమ్మారు. మామ కాదనలేదు.

ఇప్పుడు ఆ ఆల్బమ్ గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నా మామ కాబట్టి వెనకేసుకు రాను. రెండో పాట చెత్త పాట. అందులో గిటారు ఒకటే గీకుడు, ఎక్కడికీ పోదు. ఐదో పాటలో మాటలు రోడ్డు పక్క గోడల మీది నినాదాల్లా ఉంటాయి. ఇక మిగిలినవి. ప్రశాంతంగా గదిలో కూర్చుని వింటే మిగిలినవాటిలోనూ ఏదో తక్కువవుతుంది. గిటారు ఉరికొచ్చి ఒక చోట ఆగుతుంది, అక్కడ డ్రమ్ము దెబ్బ పడాలి. పడదు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేస్తే మెట్టు లేనట్టు ఉంటుంది. ఒకసారి కాదు, ప్రతి పాటలోనూ అంతే.

ఆ మెట్టు ఎక్కడుందో మామే నాకు చెప్పాడు. కోరుట్ల గదిలో, చాయ పోస్తూ, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఆ పాటలన్నీ వాళ్లు సిరిసిల్లలో ఒక ఆసామి కార్ఖానాలో కట్టారు. ఆసామి అంటే సొంతంగా కొన్ని సాంచెలు పెట్టుకున్న చిన్న యజమాని. బయట ఎక్కడ వాయించినా చుట్టుపక్కలవాళ్లు కొట్లాటకు వచ్చేవాళ్లు. సాంచెల మధ్య వాయిస్తే అడిగేవాడు లేడు, అక్కడ ముందే చెవులు పగిలే చప్పుడు. పగటి డ్యూటీ నడుస్తుండగానే ఒక మూలన డ్రమ్స్ పెట్టుకుని నెలల తరబడి వాయించారు. కిటికీ పక్కన ఉన్న సాంచె దెబ్బ మామకు బాగా పట్టుబడింది. అది ఎక్కడ కొడుతుందో అక్కడ ఆయన చెయ్యి ఆపేవాడు. పక్కవాడు మాట్లాడుతుంటే మనం ఆగమా, అట్లా. పాట నిండుగా ఉండేది. అందరికీ నచ్చింది.

తరువాత జగిత్యాలలో స్టూడియోకు పోయి రికార్డు చేశారు. అక్కడ సాంచె లేదు.

"మరి నీకు తెల్వలేదా మామా? ఖాళీ ఇనవడలేదా?" అన్నాను.

"స్టూడియో పిలగాడు అడిగిండురా. ‘అన్నా, గీడ గీడ కొడ్తలేవు’ అన్నడు. ‘కొడ్తనే ఉన్న గదరా, చెవులున్నయా లేవా’ అని నేనే వాని మీదికి లేసిన." మామ నవ్వాడు. "నా చెవులల్ల సాంచె ఎన్నడు బందయింది గనక? ఇంట్ల పండుకున్నా నడుస్తది. చర్చిల కండ్లు మూసుకున్నా నడుస్తది. గిటారాయనకు గంతే, ఇంకొకాయనకు గంతే. ముగ్గురం ఇని, జబర్దస్తుగ అచ్చిందన్నం. పాటగాడొక్కడు ఏదో తక్కువైందన్నడు. వాడు సాంచె నడపలేదు గద. ముగ్గురం కలిసి వాని నోరు మూసినం."

అంటే పాటగాడు మొదట చెప్పింది నిజమే. ఇది కూడా రాయాలి. ఆయన కోపానికి ఒక కారణం ఉంది.

నేను మాత్రం ఊరుకోలేదు. అప్పటికి నేను చదివినవన్నీ సభల దగ్గర పంచే పలచటి పుస్తకాలు, కరపత్రాలు. ఆ వేడిలో, "ఇది తప్పు కాదు మామా, ఇది శ్రామికవర్గ సంగీతం, యంత్రం మీద తిరుగుబాటు, కావాలనే ఖాళీ వదిలినవని చెప్పు" అన్నాను.

మామ చాయ గ్లాసు కింద పెట్టాడు.

"కావాలని వదల్లేదురా. తప్పే. అయితే గది మా తప్పు. ఇంకే బ్యాండోడు చెయ్యలేడు గసుంటి తప్పు. ఇంగ యంత్రం మీద కోపమెందుకు? పాపం గది నాతోని కలిసి వాయించింది." ఆగి, నా చేతిలోని కరపత్రం వైపు చూశాడు. "నీ కాయితాలల్ల బొమ్మలున్నయ్ సూడు, మనుషులు ఎప్పుడు సూసినా పిడికిలి ఎత్తే ఉంటరు. చెయ్యి గుంజదార వాళ్లకు?"

ఆ రోజు నుంచి నేను కరపత్రం తెరిచినప్పుడల్లా బొమ్మలోని మనిషికి చెయ్యి నొప్పి పుడుతున్నట్టే ఉంటుంది. కరపత్రాలు మానలేదు, మానను కూడా. కాని ఆ చెయ్యి కిందికి దించి చాయ తాగే సమయం గురించి ఎవరు రాస్తారు అని అడగడం నేర్చుకున్నాను. ‘పగటి డ్యూటీ’ ఆల్బమ్ మొత్తం ఆ సమయం గురించే.

మామ గదిలో ఒక టేబుల్ ఫ్యాను ఉండేది. దాని జాలీకి ఒక చిన్న రేకు ముక్క కట్టి ఉండేది, తిరిగినంతసేపూ టకటకమని తగిలేది. చలికాలంలో కూడా ఆపేవాడు కాదు, గోడ వైపు తిప్పి పెట్టుకునేవాడు. అమ్మ పోయినప్పుడల్లా ఆ రేకు విప్పి అవతల పారేసేది. "ఏం రోగం తమ్మీ నీకు, ఇల్లా కార్ఖానానా?" అని తిట్టేది. అమ్మ బస్సెక్కగానే మామ మళ్లీ కట్టేవాడు. చుట్టూ నిశ్శబ్దం అయితే చెవుల్లో మోత పెరుగుతుందట. బయట ఏదో ఒకటి మోగుతుంటే లోపలిది దానితో కలిసిపోతుందట.

"చప్పుడంటే కోపమనుకుంటరురా అందరు. చప్పుడు తోడు" అనేవాడు.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "నాతోని మాట్లాడాల్నంటె ఆమె జన్మంత గట్టిగ ఒర్రాలె. పాపం గద?" అని తప్పించుకునేవాడు. ఫంక్షన్లకు సౌండు బాక్సులు కట్టడం, ఆదివారం చర్చిలో మెల్లగా డ్రమ్స్ వాయించడం, ఇవీ ఆయన పనులు. చర్చిలో మామ ఎంత మెత్తగా కొట్టేవాడంటే, ఇదే మనిషి ఒకప్పుడు స్టేజీలు కదిలించాడంటే కుర్రాళ్లు నమ్మేవాళ్లు కాదు. ఆయన నమ్మించే ప్రయత్నమూ చేయలేదు. ప్రార్థన కూడిక అయ్యాక అందరూ గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటుంటే, డ్రమ్ముల మీద గుడ్డ కప్పి, నవ్వుతూ తల ఊపుతూ ఆ గుంపుల మధ్య నుంచి వెళ్లిపోయేవాడు. ఎవరేమన్నారో వినబడక తల ఊపేవాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అప్పుడప్పుడు నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్ల పోయేవాడు. కోరుట్లలో బస్సెక్కితే రుద్రంగి, చందుర్తి మీదుగా పోతుంది. బస్సు ఇంజను మోతలో మామ హుషారుగా ఉండేవాడు, కిటికీ కడ్డీ మీద వేళ్లతో కొట్టేవాడు. ఒకసారి చందుర్తి దగ్గర ఎక్కిన ఒక ముసలమ్మ చాలాసేపు చూసి, "ఏం నాయినా, బస్సుకు తాళమేస్తున్నవా?" అంది.

"బస్సే ఏస్తుందవ్వా. నేను సందులల్ల దూరుతున్న" అన్నాడు మామ. ముసలమ్మకు ఏం అర్థమైందో, మామ చెయ్యి ఆడేలా కాస్త జరిగి చోటిచ్చింది.

కార్ఖానాలో కిటికీ పక్క సాంచె దగ్గర నూలు కండెలు వేసే డబ్బాలు రెండు బోర్లించుకుని కూర్చునేవాళ్లం. మామ ఫోనుకు ఇయర్‌ఫోన్ పెట్టి, ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టేవాడు. ఒక చెవి పాటకు, ఒక చెవి సాంచెకు. సాంచె దెబ్బ కాసేపు విని, వేలు పైకెత్తి, సరైన చోట పాట వదిలేవాడు. జారిపోతే మళ్లీ మొదటి నుంచి.

మొదటిసారి అట్లా విన్న రోజు నాకు బాగా గుర్తు. గిటారు ఉరికొచ్చి ఆగిన చోట సాంచె దెబ్బ పడింది. సరిగ్గా అక్కడే. లేదనుకున్న మెట్టు కాలి కింద ఉంది. ఆ వెంటనే మామ రికార్డులో మెల్లగా, సాంచెకు దారి ఇస్తూ, దాని వెనకాలే వచ్చాడు. ఇంత మర్యాదగా డ్రమ్స్ వాయించడం నేను ఎక్కడా వినలేదు. ‘పెదవులు’ అనే పాట ఉంది. సాంచెల మోతలో మాట వినబడదు కాబట్టి కార్మికులు పెదవులు కదిపి, చేతులు ఊపి మాట్లాడుకుంటారు. పక్క సాంచె మనిషిని అగ్గిపెట్టె అడిగినట్టే, ఇంట్లో పిల్లకు జ్వరం తగ్గిందా అనీ అడుగుతారు. ఆ పాట గదిలో వింటే సాదాసీదాగా ఉంటుంది. అక్కడ వింటే, రోజంతా పక్కపక్కన నిలబడి ఒకరి గొంతు ఒకరు ఎరగని మనుషులు కళ్ల ముందే ఉంటారు. కండెలు మార్చుతూ ఉంటారు.

ఒకసారి ఆసామి ఆ సాంచెకు మోటారు బెల్టు పట్టా మార్చాడు. అది వేగంగా తిరిగింది. మామ ఎన్నిసార్లు పాట పెట్టినా కలవలేదు. లేచి ఆసామి మీదికి పోయాడు.

"ఏం పని చేసినవే అన్నా! పాటను సంపినవ్."

"పాట కాదురా, నాలుగు మీటర్ల బట్ట ఎక్కువస్తది" అన్నాడు ఆసామి.

"బట్ట సిరిసిల్లల ఎక్కడన్న నేస్తరు. గీ పాట నీ కార్ఖానాలనే ఉన్నది."

ఆసామి నెత్తి కొట్టుకున్నాడు. "సాంచె నాది, కరెంటు బిల్లు నాది, పెత్తనం డ్రమ్ములోనిది" అని అందరికీ చెప్పుకుని తిట్టాడు. తరువాతిసారి పోయేసరికి పాత పట్టానే ఉంది. మామ చూశాడు. ఆసామికి చాయ చెప్పాడు.

ఆల్బమ్‌లో చివరి పాట పేరు ‘కరెంటు పోయింది’. కరెంటు పోగానే సాంచెలన్నీ ఒక్కసారి ఆగిపోతే, పొద్దటి నుంచి పక్కన ఉన్న మనిషి గొంతు మొదటిసారి వినబడి ఇద్దరూ సిగ్గుపడతారు. పాట అంతే. డ్రమ్స్ లేవు, గిటారు లేదు, పాటగాడి గొంతు ఒక్కటే. ఆ పాట వచ్చినప్పుడు మామ చెయ్యి ఊపేవాడు, ఆసామి గొణుక్కుంటూ మెయిన్ స్విచ్ ఆపేవాడు. కార్ఖానా అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. దూది నుసి మాత్రం కిటికీ ఎండలో తేలుతూ ఉండేది. ఆ నిశ్శబ్దంలో పాటగాడు ఎట్లా పాడాడంటే, అప్పటిదాకా అరవడమే తెలిసిన ఆ గొంతులో అంత బెరుకు, అంత చనువు ఉన్నాయని ఎవరూ అనుకోరు. ఆయన జన్మలో అంత బాగా పాడిన పాట ఇంకోటి లేదు. ఛానల్ నుంచి తుడిచేసిన వాటిలో అదీ ఉంది. తన గొంతును తానే తుడిచేసుకున్నాడు.

ఆ పాటప్పుడు మామ తన చెవిలోది తీసేసేవాడు. నా వైపు తిరిగి కూర్చునేవాడు. ఒకసారి అడిగాను, ఎందుకు తీస్తావని.

"చప్పుడు బందయితే నా చెవులల్ల మోత లేస్తదిరా. వాని పాట నాకు ఇనవడది. నీ మొకం సూస్త. ఎట్ల పాడిండో తెలుస్తది."

"పాటగాడికి చెప్పినవా ఎప్పుడన్నా?"

"ఏమని చెప్పాలె? నీ పాట మంచిగున్నది, నేను ఇనలేదు అనాల్నా?" అని నవ్వాడు. ఇయర్‌ఫోన్ తీగ వేలికి చుట్టుకుంటూ, "ఒక్కపారి వాడు గీడికొచ్చి ఇంటె సాలు. మేం తప్పు చేసినం గని, వాన్ని ఖరాబు చెయ్యలేదు అని తెలుస్తది" అన్నాడు.

మామ అడిగింది అదొక్కటే. పాటగాడు రాలేదు. మామ పిలిచాడో లేదో కూడా నాకు తెలియదు. పిలిచినా, పెదవులు కనబడని ఫోనులో అవతలివాడు ఏమన్నాడో మామకు తెలిసి ఉండదు.

కోరుట్ల గది ఖాళీ చేయడానికి అమ్మా నేనూ పోయాం. ఫ్యాను ఇంకా గోడ వైపు తిరుగుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు. అమ్మ అలవాటుగా రేకు ముక్క విప్పబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్కడే చాప మీద కూర్చుని చాలాసేపు ఆ టకటక విన్నది. "గిట్లనే ఉండనీ. మనింటికి కొండవోదాం" అంది.

ఆ తరువాత సిరిసిల్ల పోయాను, ఆసామికి చెప్పి రావాలని. ఆయనకు ముందే తెలిసింది. కార్ఖానాలో కిటికీ పక్క సాంచె ఒక్కటి తప్ప అన్నీ ఆగి ఉన్నాయి. ఆర్డర్లు లేవు. సాంచెలన్నిటినీ తుక్కు కింద అమ్మేశాడు. సోమవారం పొద్దున లారీ వస్తుంది.

"గిదొక్కటి ఎందుకు నడుపుతున్నవ్ పెద్దనాయినా?" అని అడిగాను.

"ఊకెనే" అన్నాడు ఆసామి. కిటికీ వైపు చూస్తూ, "డ్రమ్ములోడు వస్తడేమోనని అలవాటు" అన్నాడు.

అందుకే ఈ పిలుపు. ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు సిరిసిల్ల రండి. బస్టాండులో నేను నిలబడి ఉంటాను, కార్ఖానాకు నడిచి పోదాం. ‘పగటి డ్యూటీ’ సీడీ మామ గదిలో దొరికింది. ఆయన సౌండు బాక్సులు నేనే తెచ్చి కడుతున్నాను. దండలు, ఉపన్యాసాలు వద్దు. ఆల్బమ్ వచ్చినప్పుడు నవ్వినవాళ్లు, జగిత్యాల హాల్లో చప్పట్లు కొట్టినవాళ్లు, నా మీద కోపంగా ఉన్నవాళ్లు, అందరూ రండి. ఆ సాంచె దెబ్బతో మొదటి పాట నుంచి మొత్తం వింటాం, చెత్త పాటతో సహా. చివరి పాటకు ఆసామి మెయిన్ ఆపుతాడు. ఈసారి ఆపితే మళ్లీ వేయడు.

పాటగాడన్నా, నీతో ఒక్క మాట. హాల్లో నీ మీద అరిచాను, మళ్లీ అరవాల్సి వస్తే అరుస్తాను. కాని నువ్వు రావాలి. కిటికీ పక్కన రెండు కండెల డబ్బాలు అట్లాగే బోర్లించి ఉన్నాయి. మొన్న పోయినప్పుడు నా డబ్బా మీద కూర్చుని, మామ ఫోనులో దాచుకున్న పాట పెట్టి, ఆయన ఇయర్‌ఫోన్ తీసి ఒకటి చెవిలో పెట్టుకున్నాను. రెండోది ఎదుటి డబ్బా మీద పెట్టాను. సాంచె అదురుకు అది కొంచెం కొంచెంగా జరిగి అంచు దాటి పడింది. తీగకు వేలాడుతూ, ఎండలో దూది నుసి మధ్య ఊగుతూ, చిన్నగా పాడుతూనే ఉంది.